ఎంపీసీ చదివే అమ్మాయి లా అంటోంది, ఏం చేయమంటారు?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి ఎంపీసీ రెండో సంవత్సరం, మార్కులు బాగానే వస్తున్నాయి. ఈఏపీసెట్ రాసి సీఎస్ఈలో చేరుతుందని ఇంట్లో అందరూ అనుకుంటుంటే తను లా చదువుతానంటోంది, డీప్‌ఫేక్‌లు, లోన్ యాప్‌లు, ఏఐ గొడవల మీద పనిచేసే లాయర్‌నవుతానంటోంది. ఆయన అడిగింది ఇదీ: టెక్నాలజీ రోజుకో రకంగా మారుతుంటే చట్టం ఎప్పుడూ వెనకే ఉంటుంది కదా, ఆ చదువుకు విలువేముంది? ఏఐ వచ్చాక లాయర్లకు పని ఉంటుందా? పంపాల్సే వస్తే సైబర్ లా స్పెషలైజేషన్ ఉన్న కాలేజీయే వెతకాలా?

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను సార్, ఎందుకంటే తల్లిదండ్రులు డబ్బు పోగొట్టుకునేది అక్కడే. బ్రోచర్‌లో సైబర్ లా, ఏఐ లా అని పెద్ద అక్షరాలు కనిపించాయని చేర్చొద్దు. అమ్మాయి గట్టిగా నేర్చుకోవాల్సింది రాజ్యాంగం, కాంట్రాక్టు చట్టం, క్రిమినల్ చట్టాలు, సాక్ష్యాల చట్టం. ఇప్పటి కొత్త గొడవలన్నీ కోర్టులో తేలేది వీటి మీదే.

ఆధార్ సంగతే చూడండి. 2012లో దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన కె.ఎస్. పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టులో రిటైరైన జడ్జి, అప్పటికే ఎనభై దాటిన పెద్దాయన. వేలిముద్రలు, కనుపాప స్కాన్లు తీసుకోవచ్చా అన్న ఆ కేసు చివరికి అసలు మనిషికి గోప్యత హక్కు రాజ్యాంగంలో ఉందా అన్న దగ్గరికి వచ్చి ఆగింది. ఉందని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలు ఏకగ్రీవంగా చెప్పారు. 1950 నుంచి ఉన్న 21వ అధికరణంలో ఫోన్ ఊసు లేదు, డేటా ఊసు లేదు, ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణ ఉందంతే, అక్కణ్నుంచే వాదించుకుంటూ వచ్చారు. తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. ఇంటర్ ఫలితాలు వచ్చీ రాకముందే ఏవేవో ఇంజినీరింగ్ కాలేజీల నుంచి తల్లిదండ్రులకు వరసపెట్టి ఫోన్లు వస్తాయి కదా, అమ్మాయి పేరు, గ్రూపు, మీ నంబరు వాళ్లకు ఎవరిచ్చారు? ఇన్నాళ్లూ ఆ ప్రశ్న అడిగితే జవాబు చెప్పే బాధ్యత ఎవరికీ గట్టిగా లేదు. ఆ బాధ్యత ఇక స్కూళ్ల మీద, ఆస్పత్రుల మీద, యాప్‌ల మీద పడబోతోంది, సమ్మతి పత్రాలు సరిగా రాసేవాళ్లు, ఫిర్యాదు వస్తే నిలబడేవాళ్లు ప్రతిచోటా కావాలి.

చట్టం వెనకబడిందని మీరు బాధపడుతున్నారు గానీ, హడావిడిగా రాసిన చట్టం ఇంకా ప్రమాదం. ఐటీ చట్టంలో 2008 సవరణతో 66ఎ సెక్షన్ చేర్చారు. ఇంటర్నెట్‌లో ఎవరికైనా చిరాకు, అసౌకర్యం కలిగించే మాటలు పెడితే మూడేళ్ల దాకా జైలు. చిరాకంటే ఏమిటో ఎక్కడా చెప్పలేదు. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో బంద్‌ని ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టిన అమ్మాయిని, దాన్ని లైక్ చేసిన ఇంకో అమ్మాయిని కూడా అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే యువతి సుప్రీంకోర్టుకు వెళ్తే 2015 మార్చిలో ఆ సెక్షన్‌ని కొట్టేశారు. కొట్టేసిన తర్వాత కూడా పోలీసులు అదే సెక్షన్ కింద కేసులు పెడుతూనే ఉన్నారని 2021లో సుప్రీంకోర్టే నివ్వెరపోయింది. ఇది మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. డీప్‌ఫేక్‌లకు కఠినమైన చట్టం తేవాలని అనడం తేలిక, ఆ చట్టంలో ఒక్క సెక్షన్ రాయమనండి, తెలుగులోనే, ఒక పేజీలో. ఆడపిల్ల ముఖం అశ్లీల వీడియోకి అతికించినవాడు అందులో పడాలి, స్టేజీ మీద నాయకుడి గొంతు అనుకరించే మిమిక్రీ ఆర్టిస్టు పడకూడదు. రాసి, చించి, మళ్లీ రాసి, ఇంకా పట్టుదలగా కూర్చుంటే ఆ అమ్మాయి లాకి పనికొస్తుంది. అరగంటలో విసుగొస్తే ఇంకోసారి ఆలోచించుకోమనండి.

ఇక అసలు పని ఎలా ఉంటుందో చెప్తాను. లోన్ యాప్ వాళ్లు ఫొటో మార్ఫింగ్ చేసి కాంటాక్టుల్లో అందరికీ పంపారని ఒకామె వస్తుంది. ఏడుస్తూ ఫోన్ చూపిస్తుంది, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని అసలు మెసేజ్‌లు భయంతో డిలీట్ చేసేసి ఉంటుంది. ఇక్కడ కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు, బెదిరించి డబ్బు గుంజడం ఎప్పటినుంచో నేరమే, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 308వ సెక్షన్. కష్టమంతా సాక్ష్యంలోనే ఉంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న సాక్ష్యాల చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఒక భాగం రికార్డు దాఖలు చేసేవాళ్లు నింపాలి, రెండోది నిపుణుడు, రెండింటిలోనూ ఫైలు హాష్ విలువ, అంటే ఫైలులో ఉన్నదాన్నిబట్టి కంప్యూటర్ లెక్కగట్టే ఒక కోడ్, రాయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా హాష్ మారిపోతుంది, అందుకే తర్వాత ఎవరూ దిద్దలేదని దాన్నిబట్టి చూపించొచ్చు. ఎంపీసీ చదివిన పిల్లకి ఇది చప్పున అర్థమవుతుంది, ఆ చదువు వృథా పోదు. తెలుగు బాగా వస్తే ఇంకా మంచిది, బాధితురాలు చెప్పేది తెలుగులోనే కాబట్టి.

ఏఐ లాయర్ల పని తీసేస్తుందా అంటే, పాత తీర్పులు వెతకడం, డ్రాఫ్టులు కొట్టడం లాంటి జూనియర్ల పని కొంత తగ్గుతుంది, అది నిజం. కానీ 2023లో న్యూయార్క్‌లో చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేనే లేని తీర్పుల్ని లాయర్లు కోర్టులో చూపిస్తే జడ్జి 5,000 డాలర్లు జరిమానా వేశారు. కాగితం కింద సంతకం మనిషిది, దానికి జవాబు చెప్పాల్సిందీ మనిషే.

దారుల సంగతి. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు. జాతీయ లా యూనివర్సిటీలకు క్లాట్ రాయాలి, పేపర్ మొత్తం ఇంగ్లిష్‌లోనే, రెండు గంటల్లో 120 ప్రశ్నలు, పేరాలు చదివి జవాబివ్వాలి. పరీక్ష మామూలుగా డిసెంబరులో ఉంటుంది కాబట్టి తేదీ దాటిందేమో చూసుకోండి. విశాఖలో దామోదరం సంజీవయ్య, హైదరాబాద్‌లో నల్సార్ ఉన్నాయి, ఫీజు మాత్రం ఏడాదికి లక్షల్లోనే. అంత పెట్టలేకపోతే ఏపీ లాసెట్ రాయించండి, అది తెలుగులోనూ ఉంటుంది, గుంటూరు, విజయవాడల్లోనే కాలేజీలున్నాయి. హైకోర్టు నేలపాడులో ఉంది, రెండు ఊళ్ల నుంచీ పొద్దున వెళ్లి సాయంత్రం రావచ్చు, ఇంటర్న్‌షిప్‌కి అది చాలా కలిసొస్తుంది.

డబ్బు విషయం దాచను. సీనియర్ దగ్గర జూనియర్‌గా మొదటి రెండు మూడేళ్లు వచ్చేది ఖర్చులకు కూడా చాలకపోవచ్చు, ఇంటి నుంచి ఆసరా కావాలి. జడ్జి అవుదామనుకున్నా 2025 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మూడేళ్ల ప్రాక్టీస్ తప్పనిసరి అయింది. ఆ కాలం మీరు భరించగలరో లేదో అమ్మాయితో ఇప్పుడే కూర్చుని మాట్లాడండి. ఈ ఏడాది ఈఏపీసెట్ కూడా రాయనివ్వండి, అభ్యంతరం లేదు. సెలవుల్లో ఒకరోజు గుంటూరు జిల్లా కోర్టుకు తీసుకెళ్లి, పొద్దున పదిన్నర నుంచి ఏదో ఒక హాల్లో వెనక కూర్చోబెట్టండి. మధ్యాహ్నానికి తనకేమనిపించిందో విని మళ్లీ రాయండి.