లారీ వచ్చేలోగా ఇది చదువు

చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

కాయలు ఏరే కుర్రాడు లోడింగ్ అప్పుడు వణికిపోతున్నాడని, వాణ్ని మాన్పించేస్తానని ఫోన్‌లో అన్నావు. తొందరపడకురా. అంబాజీపేటలో ముప్పై ఏళ్లు కొబ్బరి కొట్టు నడిపినవాణ్ని, నేనూ ఒకసారి ఇక్కడే తప్పు చేశాను.

శ్రావణమాసం గిరాకీలో రెండు లారీలు ఒకేసారి వచ్చాయి. కాయలు ఏరే ఇలాంటి కుర్రాడే అప్పుడు నా దగ్గరా ఉండేవాడు. చిన్నకాయలు పెద్దవాటిలో కలిపేశాడని అందరి ముందూ వాడి మీద కేకలేశాను. మూడు రోజులు పనిలోకి రాలేదు. నాలుగో రోజు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అప్పుడు గానీ అర్థం కాలేదు, మేస్త్రి ఒకటి, డ్రైవర్ ఒకటి, నేనొకటి చెబితే వాడికి ఏదీ ఎక్కదని. బుద్ధి ఎదుగుదల తక్కువున్నవాడికి ఒక్క మనిషే చెప్పాలి, ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. గుట్ట పక్కన ఒక పెద్దకాయ, ఒక చిన్నకాయ నమూనాకి పెట్టించాను. వాటితో పోల్చి చూసుకుంటూ నిదానంగా వేసేవాడు. మనలో ఎవరికీ అంత ఓపిక లేదు, నిజం చెప్పాలంటే.

ఒలుపు దగ్గరున్న పెద్దాయన సంగతి వేరు. ఆయన తెలివికేం లోటు లేదు, మానసిక జబ్బుకి మందులు వాడుతున్నాడు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టకు. రాత్రి మాత్రల మత్తు దిగకుండా గునపం దగ్గర నిలబెట్టొద్దు, ఓ గంట ఆలస్యంగా రానివ్వు. ఆయన వాడేవాటిలో లిథియం ఉంది. మే నెల ఉక్కలో చెమట బాగా పట్టి ఒంట్లో నీరు తగ్గితే, ఆ మందు రక్తంలో పెరిగి విషమవుతుంది. నీడలో పని, పక్కనే నీళ్ల బిందె ఉండాలి. వాంతులు, మాట తడబాటు, మామూలుకి మించి చేతుల వణుకు కనిపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లు. కొట్టులో ఎవరి నోటా ‘పిచ్చి’ అన్న మాట రాకూడదు.

ఇదంతా దయ అనుకునేవు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఈ రెండూ ఉన్నాయి. కూలి కోసే ఆలోచన ఉంటే మానుకో.

ఎవరికైనా, నీకైనా సరే, టెన్షన్ ఎక్కువైతే 14416కి ఫోన్ చెయ్యండి. అది మనసు బాధలకి సర్కారు పెట్టిన టెలీ మానస్ ఫోన్ సాయం, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ఎల్లుండి లారీలున్నాయి కదా. ఎన్ని వస్తాయో వేళ్లతో చూపించి, రేపు సాయంత్రమే కుర్రాడికి చెప్పు.

పెదనాన్న