జీన్స్ పొడవు తగ్గించేటప్పుడు కత్తెర ఆఖరున పట్టుకోండి

కొత్త జీన్స్ మూడు అంగుళాలు పొడవుగా ఉంది, ఇంకా ఉతకలేదు, ఇంట్లోనే కత్తిరించి కుట్టుకోవచ్చా, లేక పాత అంచు పోకుండా మడిచి కుట్టే పద్ధతి మంచిదా అని అడిగారు. ఇంట్లోనే కుట్టుకోవచ్చు, మామూలు కుట్టు మిషను చాలు. కానీ మీరు మాటవరసకు రాసిన ‘ఇంకా ఉతకలేదు’ అన్న ముక్క చదవగానే నా గుండె గుభేలుమంది. ముందు దాని గురించే చెప్తాను.

మా తమ్ముడు ఉద్యోగంలో చేరిన కొత్తలో ముదురు నీలం జీన్స్ ఒకటి కొనుక్కున్నాడు. రాత్రి పదిన్నరకి తెచ్చి, ‘అక్కా, రేపు పొద్దున్నే వేసుకెళ్లాలి, కాస్త పొట్టి చేసిపెట్టవా’ అన్నాడు. అప్పటికి నాకు జాకెట్లు, లంగాలు కుట్టడం బాగా వచ్చు. ప్యాంటు అంచు ఎంతసేపు అనుకున్నాను. వాణ్ణి వట్టి కాళ్లతో నిలబెట్టి, మడమ దగ్గర సుద్దతో గీత గీసి, రెండు కాళ్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకే దెబ్బలో కత్తిరించేశాను. మూడు అంగుళాల పట్టీలు రెండు నేల మీద పడ్డాయి.

కుట్టడం మొదలుపెట్టాక అసలు కష్టం తెలిసింది. జీన్స్ కాలికి లోపలివైపు కుట్టు చూడండి, రెండు గుడ్డల అంచులూ ఒకదాంట్లో ఒకటి మడిచి కుడతారు. అక్కడే నాలుగు పొరలు. దాన్ని అంచు కోసం రెండుసార్లు మడిస్తే పన్నెండు పొరలు. మా అమ్మ పాత తొక్కుడు మిషను ఆ దిబ్బ ఎక్కలేక మొరాయించింది. నేను ఇంకా గట్టిగా తొక్కాను. గుడ్డని అదిమిపట్టే ఫుట్ ముందుభాగం పైకి లేచింది, సూది వంగి కింది పళ్లేనికి తగిలి టప్పున విరిగింది, ముక్క ఎగిరి నా చెంప పక్కనుంచి పోయింది. కంటికి తగిలి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ పోదు. రెండో సూదీ విరిగాక మిగతా ముక్క చేత్తో కుట్టి, ఒంటిగంటకి ఇస్త్రీ చేసి ఇచ్చాను. వాడు సంతోషంగా వేసుకెళ్లాడు.

రెండు ఉతుకులయ్యేసరికి ఆ ప్యాంటు చీలమండ పైకి వెళ్లిపోయింది. కూర్చుంటే సాక్సు మొత్తం కనిపించేది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు, అలాగే ఏడాది పాటు వేసుకున్నాడు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ.

అందుకే గట్టిగా చెప్తున్నాను. పాడయ్యే ప్రతి జీన్సూ కత్తెర దగ్గరే పాడవుతుంది. కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు, తెగిన గుడ్డని ఏం చేస్తాం? 30 అంగుళాల కాలు నూటికి మూడు పాళ్లు కుదించుకుపోయినా దాదాపు అంగుళం పోతుంది. మిల్లులో ముందే కుదించని ముడి డెనిమ్ అయితే నూటికి పది పాళ్ల దాకా పోవచ్చు. కాబట్టి మీరు మామూలుగా ఎలా ఉతుకుతారో అలాగే రెండుసార్లు ఉతికి ఆరేయండి. తర్వాత ఆ ప్యాంటు మీదకి వేసుకునే బూట్లే తొడుక్కుని, నిటారుగా నిలబడి, ఇంకొకరి చేత గుర్తు పెట్టించుకోండి. మీరే వంగి గీసుకుంటే కొలత మారిపోతుంది. రెండు కాళ్లకీ విడివిడిగా కొలవండి, చాలామందికి కొంచెం తేడా ఉంటుంది.

అసలు ఈ తిప్పలన్నీ ఎందుకంటే, నడుము కొలతలు అన్ని రకాలు పెట్టి పొడవు మాత్రం చాలాచోట్ల ఒకటే పెట్టి అమ్ముతారు. నాలాంటి పొట్టివాళ్లకి ప్రతి ప్యాంటుకీ ఇదే పని. పోనీ కుట్టేవాళ్లకి ఇద్దామంటే, నారింజ దారం ఉన్న చోట సన్నటి నల్ల దారంతో కుట్టి చేతిలో పెడతారు. ఆ నారింజ రంగు జేబుల మీది రాగి రివెట్లకి కలిసేలా వచ్చిందంటారు. 1873లో జేకబ్ డేవిస్, లెవీ స్ట్రాస్ పేటెంట్ తీసుకున్నది ఆ రివెట్లకే. ఇంత చరిత్ర ఉన్న బట్టకి ఒక దారం ఉండ తెచ్చుకోలేరా అని నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇక కుట్టడం. గుర్తు కింద అంగుళం వదిలి కత్తిరించండి. అరంగుళం చొప్పున రెండుసార్లు మడిచి ఇస్త్రీ పెట్టెతో గట్టిగా అణచండి. సూది 16 నంబరు జీన్స్ సూది, పైన మందపు దారం, కింది దారం చుట్టే బాబిన్‌లో మామూలు దారం, కుట్టు పొడవు నాలుగు మిల్లీమీటర్లు. లోపలి కుట్టు దాటాక కొంచెం వెనకవైపు నుంచి మొదలుపెడితే ముడి ఎవరికీ కనబడదు.

దిబ్బ దగ్గరికి వచ్చేముందే దాని మీద పాత గుడ్డ వేసి సుత్తితో నాలుగు దెబ్బలు వేయండి. నేను నమ్మలేదు గానీ, చేసి చూస్తే పలకలా అణిగింది. కుట్టేటప్పుడు ఫుట్ ముందుభాగం పైకి లేవగానే ఆపేయండి. సూది గుడ్డలోనే ఉంచి, ఫుట్ ఎత్తి, కత్తిరించిన పట్టీలోంచి ఒక ముక్క అదే మందానికి మడిచి ఫుట్ వెనకభాగం కింద దూర్చండి. ఫుట్ సమంగా కూర్చుంటుంది. తర్వాత మోటారు వద్దు, తొక్కడం వద్దు, చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టే వేయండి. ఇంటర్నెట్ వీడియోల్లో సరిగ్గా ఈ అర నిమిషమే కోసేసి చూపిస్తారు. నేర్చుకునేవాళ్లకి కావాల్సింది అదే కదా!

పాత అంచు ఉంచుకునే పద్ధతి లెక్క సులువే. మూడు అంగుళాలు తగ్గాలంటే, పాత అంచు పట్టీని లెక్కలో వేయకుండా, దాని పై కుట్టుగీత నుంచి మడత వరకు ఒకటిన్నర అంగుళం ఉండేలా బయటికి మడిచి, ఆ గీతను ఆనుకునే కుట్టి, మడతని లోపలికి తోసి పాత అంచుని కిందికి దించాలి. మడత రెండు పొరలు కాబట్టి సగమే కొలవాలి. వెలిసిన అంచు అందంగా ఉన్న పాత జీన్స్‌కి ఇంతకన్నా మంచి దారి లేదు. కానీ కింద సన్నబడే కాలు అయితే మూడు అంగుళాలు ఎక్కువే, పైన చుట్టుకొలత పెద్దది, పాత అంచుది చిన్నది, ముడతలు పడుతుంది. మీది తిన్నటి కాలు అయితే ఇదే చేయండి, సన్నబడేది అయితే కత్తిరించి కొత్తగా మడవండి.

ఏదైనా సరే, ఈ రాత్రికి ప్యాంటు నీళ్లలో వేయండి. కత్తెర సంగతి వచ్చే వారం చూసుకోవచ్చు.