నాటకాలు వేసే అమ్మాయికి ప్రజారోగ్యంలో ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. నాటకాలంటే ప్రాణం. నాటకాల ద్వారా ప్రజారోగ్యంలో పనిచేస్తానని పట్టుబడుతోంది. అది హాబీగా బాగుంటుంది గానీ కెరీర్ అవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

జవాబు: అవుతుందమ్మా. కాకపోతే నటన ఒక్కటే వస్తే చాలదు.

మీ అమ్మాయి ఊహాలోకంలో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి నివేదిక ఇచ్చింది. జబ్బుల్ని నివారించడంలోనూ, వచ్చిన జబ్బును తట్టుకోవడంలోనూ కళల పాత్ర పెద్దదేనని అందులో చెప్పింది.

ఈ రంగంలో అసలు పని ఎలా ఉంటుందో చూడండి. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ 1970లలో ఫోరం థియేటర్‌కు రూపం ఇచ్చారు. చూసేవాళ్లు కూడా పాల్గొనే నాటకం అది. ఉదాహరణకు, బిడ్డకు టీకా వేయించాలని తల్లి అనుకుంటుంది, ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటారు, ఆమె ఊరుకుంటుంది. నాటకం అక్కడితో అయిపోతుంది. తర్వాత అదే నాటకాన్ని మళ్లీ మొదలుపెడతారు. ఈసారి చూసేవాళ్లలో ఎవరైనా "ఆపండి" అని లేచి, తల్లి స్థానంలోకి వచ్చి తనకు తోచినట్టు మాట్లాడవచ్చు. పెద్దవాళ్ల పాత్రలు వేసేవాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఇంకొకరు లేచి మరో దారి ప్రయత్నిస్తారు. ఉపన్యాసంతో ఇది సాధ్యం కాదు. ఎందుకంటే టీకా మంచిదని ఆ తల్లికి ముందే తెలుసు, ఇంట్లో ఎలా నెగ్గాలో తెలియదు.

ఇక ఉద్యోగం. జనం చప్పట్లు కొట్టారని చెబితే నిధులు రావు, ఏం మారిందో చూపించాలి. 1993లో టాంజానియాలో కుటుంబ నియంత్రణ, ఎయిడ్స్ అంశాలతో ఒక రేడియో ధారావాహిక మొదలైంది. పోల్చి చూడటానికి వీలుగా డోడోమా ప్రాంతంలో మొదట్లో దాన్ని ప్రసారం చేయలేదు. ప్రసారమైన చోట్ల కుటుంబ నియంత్రణ పద్ధతుల వాడకం ఎక్కువగా పెరిగిందని అలా తేలింది. ఇలాంటి పోలికను తనే ప్లాన్ చేయగల కళాకారులు తక్కువ. మీ అమ్మాయికి చోటు దొరికేది అక్కడే.

అందుకే డిగ్రీ తర్వాత పబ్లిక్ హెల్త్‌లో గానీ, హెల్త్ కమ్యూనికేషన్‌లో గానీ పీజీ చేయమనండి. సర్వే చేయడం, స్టాటిస్టిక్స్, ఇంటర్వ్యూ తీసుకోవడం నేర్చుకోవాలి. లెక్కలంటే భయముంటే ఇప్పుడే పోగొట్టుకోవాలి. నాటకాన్ని మాత్రం ఆపించకండి, దయచేసి. ఆ అనుభవం లేనివాళ్లు రాసే ఆరోగ్య నాటకాలు చాలావరకు కరపత్రాన్ని చదివి వినిపించినట్టే ఉంటాయి.

ఆదాయం విషయం దాచను. స్వచ్ఛంద సంస్థల్లో చాలా ఉద్యోగాలు ప్రాజెక్టు ఉన్నంతకాలమే. మొదటి కొన్నేళ్లు జీతం నిలకడగా ఉండకపోవచ్చు. అప్పుడు పరిశోధన, మూల్యాంకనం వచ్చినవాళ్లకు వేరే ఆరోగ్య కార్యక్రమాల్లోనూ పని దొరుకుతుంది.

డ్రామా థెరపీ, మ్యూజిక్ థెరపీ వైపు మనసుంటే అది వేరే దారి. అక్కడ రోగులతో నేరుగా పనిచేయాలి కాబట్టి ప్రత్యేక శిక్షణ, అనుభవజ్ఞుల పర్యవేక్షణ తప్పనిసరి. సమాజంతో పనిచేయాలనుందా, ఒక్కొక్క మనిషితోనా అన్నది పీజీకి దరఖాస్తు చేసేలోపు తనను తేల్చుకోమనండి.