గంటల తరబడి సాగే ప్రసంగాల్లో మనసు నిలవాలంటే

ప్రసంగం మొదలైన పది నిమిషాలకే మనసు ఎటో వెళ్లిపోతోందని, ఏకాగ్రత లోపం ఏమైనా ఉందేమోనని భయంగా ఉందని రాశారు. నన్నడిగితే మీలో లోపమేమీ లేదు. చేతులు కట్టుకుని కదలకుండా కూర్చుంటేనే శ్రద్ధగా విన్నట్టు అని చిన్నప్పటినుంచీ మనకు నేర్పిన పద్ధతే తప్పు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను.

మా ఆఫీసులో కొత్త అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మీద ఒకసారి రోజంతా ట్రైనింగ్ పెట్టారు. మధ్యాహ్నం సెషన్‌లో కిటికీలు మూసేసి, లైట్లు ఆర్పేసి, తెర మీద సన్నటి అక్షరాలు చూపిస్తూ ట్రైనర్ చెప్పుకుపోతున్నారు. నేను అలవాటు ప్రకారం కాగితం అంచున చిన్న చిన్న గళ్లు గీసి, ఒక్కో గడినీ అడ్డగీతలతో నింపుతున్నాను. చెవులు మాత్రం ఆయన మీదే ఉన్నాయి. ఇంతలో ఏర్పాట్లు చూస్తున్న ఆవిడ వెనకనుంచి వచ్చి, "ఏమండీ, ఆ గీతలు ఆపుతారా? సార్ చూస్తే బాగుండదు" అన్నారు మెల్లగా. పెన్నుకి మూత పెట్టేశాను. అక్కడినుంచి చివరిదాకా ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను, మధ్యమధ్యలో తల కూడా ఊపాను.

కొన్నాళ్లకు ఒక ఎంట్రీ తప్పు పడితే ఎలా సరిచేయాలో చూద్దామని ఆ కాగితం తీశాను. పైమూల నల్లటి గడి కనపడగానే పాస్‌వర్డ్ మార్చే పద్ధతి గుర్తొచ్చింది. కింద సగం నిండిన గడి దగ్గర, నెలాఖరు లెక్కలు మూసేముందు బ్యాకప్ తీసుకోమన్న మాట, ఆ మాట మధ్యలో ఆయనకు దగ్గు రావడంతో సహా గుర్తొచ్చింది. ఆ తర్వాత కాగితమంతా తెల్లగా ఉంది. తప్పు ఎంట్రీల సంగతి చెప్పింది ఆ తర్వాతే. అందులో ఒక్క ముక్క కూడా నా బుర్రలో లేదు.

ఇది నా ఒక్కరి అనుభవం కాదు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన జాకీ ఆండ్రేడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 40 మందికి బోరు కొట్టే ఫోన్ సందేశం ఒకటి వినిపించారు. సగం మందిని వింటూ కాగితం మీది బొమ్మల్ని పెన్సిల్‌తో నింపమన్నారు. అలా నింపినవాళ్లకు మిగతావాళ్లకంటే 29 శాతం ఎక్కువ గుర్తుంది. ఆ సందేశం నిడివి రెండున్నర నిమిషాలే. అంత చిన్నదానికే ఆ తేడా ఉంటే, మూడు గంటల ప్రసంగానికి ఇంకెంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

కారణం కూడా కష్టమైనదేం కాదు. నోరు పలికే వేగం కంటే బుర్ర ఆలోచించే వేగం చాలా ఎక్కువ. అమెరికాలో వినడం మీదే పరిశోధన చేసిన రాల్ఫ్ నికోల్స్ 1957లోనే ఈ మాట రాశారు. నిమిషానికి 125 మాటల చొప్పున మాట్లాడుతుంటే వినేవాడి బుర్రకు బోలెడు ఖాళీ మిగులుతుందని, మనసు దారి తప్పేది ఆ ఖాళీలోనేనని ఆయన వాదన. రికార్డు చేసిన ప్రసంగాన్ని కాస్త వేగం పెంచి వినండి, మనసు ఎంత బుద్ధిగా కూర్చుంటుందో తెలుస్తుంది. ఎదురుగా మనిషి మాట్లాడుతుంటే వేగం పెంచలేం కదా, అందుకే చేతికి పని ఇవ్వాలి. ఫోన్ మాత్రం ఆ పనికి రాదు. అందులో చదివే మాటలూ చెవిన పడే మాటలూ ఒకదానికొకటి అడ్డం పడతాయి.

వక్తలకూ ఒక మాట చెప్పాలి. తెర మీద ఉన్నదే మళ్లీ చదివి వినిపించడం దయచేసి మానండి. మేము చదవడం ముగించి ఎదురుచూస్తుంటాం, మీరు ఇంకా రెండో వాక్యంలో ఉంటారు. "ముగించే ముందు ఒక్క మాట" అన్నాక నిజంగా ఒక్క మాటతోనే ముగించండి. ఆ మాట వినగానే సభ మొత్తం మనసులో లేచి నిలబడుతుంది. ఆ తర్వాత మీరు ఇంకో అరగంట ఎంత మంచి విషయం చెప్పినా ఎవరికీ ఎక్కదు. టెడ్ అనే పేరున్న అంతర్జాతీయ ప్రసంగాల వేదిక మీద ఎంత పెద్దవాళ్లకైనా మామూలుగా 18 నిమిషాలే ఇస్తారు. ఆ మాత్రం హద్దు ప్రతి సభకూ ఉండాలని నా గట్టి అభిప్రాయం.

మీ ప్రశ్నకు వస్తే, మామూలు కబుర్లలోనూ, చదువులోనూ, ఇంటి పనుల్లోనూ ఇలాగే అవుతుంటే డాక్టర్‌ని కలవండి, అందులో మొహమాటం వద్దు. ప్రసంగాల్లో మాత్రమే అయితే టెన్షన్ పడకండి. వెళ్లేముందే ఆ వక్త నుంచి మీరు తెలుసుకోవాల్సింది ఒక ప్రశ్నగా కాగితం పైన రాసుకోండి. దాని కింద గళ్లు గీయండి, తీగలు గీయండి, మీ ఇష్టం. నేనిప్పుడు కూర్చోకముందే నిర్వాహకులకు చెప్పేస్తున్నాను, నేను గీస్తూనే వింటానని. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు.