మొదటి సల్సా ఫెస్టివల్‌కి వెళ్తున్న మేనల్లుడికి

చిన్నా,

సల్సా డాన్స్ ఫెస్టివల్‌కి పాస్ కొన్నానని ఫోన్‌లో చెప్పగానే సంతోషించాను. ఆ వెంటనే "ఈలోపు ఇంకో పది టర్న్ ప్యాటర్న్‌లు నేర్చేసుకోవాలత్తా" అన్నావు చూడు, అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే సగం విని సరే సరే అంటావు.

జోడీని తిప్పే వరసలు పది నేర్చుకోవడం వద్దురా. ఇప్పుడు నీకేమొచ్చు? బేసిక్, సైడ్ బేసిక్, రైట్ టర్న్, క్రాస్ బాడీ లీడ్. నాలుగు నెలల క్లాసులకి అవి చాలు. ఆ నాలుగింటితో ఒక పాట మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా ఆగకుండా, తాళం తప్పకుండా చేయగలవా? అది చూసుకో. సల్సా పాట నాలుగైదు నిమిషాలు సాగుతుంది. క్లాసులో మనం అరనిమిషం చేసి ఆగుతాం కాబట్టి ఆ నిడివి తెలియదు. గదిలో ఒక్కడివే పాట పెట్టుకుని మొత్తం చెయ్యి. తర్వాత ఇంకొంచెం వేగంగా ఉన్న పాట పెట్టు. రోజుకి మూడు పాటలు చాలు.

ఇంకో సంగతి. క్లాసులో టీచర్ పైకి లెక్కపెడతారు, సోషల్‌లో, అంటే రాత్రి అందరూ కలిసి సరదాగా డాన్స్ చేసే చోట, ఎవరూ లెక్కపెట్టరు. కొత్తవాళ్లంతా తప్పేది అక్కడే. ఎనిమిది దాకా లెక్కలో 1, 2, 3 మీద అడుగులు వేసి 4 దగ్గర ఆగాలి. 5, 6, 7 వేసి 8 దగ్గర ఆగాలి. టెన్షన్‌లో ఆ 4ని, 8ని మింగేసి పాట కంటే ముందు పరిగెత్తేస్తారు. దీనికి నాకు పనికొచ్చిన మందు కాంగా, చేతులతో వాయించే పొడవాటి డ్రమ్. దాని మీద 'తుం తుం' అని జంటగా మోగే దెబ్బ ఒకటుంటుంది. అది సరిగ్గా నువ్వు ఆగాల్సిన 4 దగ్గర, 8 దగ్గర మొదలవుతుంది. అది వినిపించిందంటే తర్వాతి అడుగు నీది. పాట ఊపందుకుని కోరస్ మొదలయ్యాక కౌబెల్, అంటే కర్రతో కొట్టే ఇనుప గంట, 1, 3, 5, 7 మీద గట్టిగా మోగుతుంది, అప్పుడు ఇంకా తేలిక. బస్సులో వెళ్తున్నా, పని చేసుకుంటున్నా చెవిలో పాట పెట్టుకుని ఆ 'తుం తుం' వెతుకు. వారం రోజులు దొరకదు. ఆ తర్వాత వద్దన్నా వదలదు.

వర్క్‌షాపుల సంగతి. షెడ్యూల్ చూస్తే అన్నింటికీ వెళ్లాలనిపిస్తుంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా గంటకొకటి, మూడు నాలుగు గదుల్లో ఒకేసారి. నా మొదటి ఫెస్టివల్లో మొదటి రోజే ఆరు క్లాసులకి వెళ్లాను. రాత్రి సోషల్ మొదలయ్యేసరికి కాళ్లు కొయ్యబారిపోయాయి, నేర్చుకున్న వాటిలో ఒక్కటీ గుర్తులేదు. గోడకి బల్లిలా అతుక్కుపోయి, నీళ్ల సీసా మూత తిప్పుతూ గంటన్నర నిలబడ్డాను. ఎవరైనా పిలుస్తారేమోనని ఒక భయం, పిలవరేమోనని ఇంకో భయం. ఆ మూత అరిగిపోయిందే కానీ డాన్స్ చేసింది లేదు.

కాబట్టి రోజుకి రెండు, మహా అయితే మూడు. అందులో ఒకటి బేసిక్స్‌దో, మ్యూజికాలిటీదో (పాట విని దానికి తగ్గట్టు చేయడం) ఉండాలి. పేరు పక్కన ఏ లెవెల్ రాశారో చూడు. 'ఓపెన్' అని ఉంటే ఎవరైనా రావచ్చు, కానీ ఒక్కోసారి టీచర్ హుషారెక్కి కష్టమైనది మొదలుపెడతారు. అర్థం కాకపోతే పక్కకి వచ్చేయ్, తప్పేమీ లేదు. ఆన్ వన్, ఆన్ టూ అన్న మాట కూడా చూసుకో. నువ్వు నేర్చుకున్నది ఆన్ వన్, అంటే ముందుకీ వెనక్కీ తిరిగే అడుగు 1 మీదా 5 మీదా పడుతుంది. న్యూయార్క్ వాళ్ల పద్ధతిలో ఆ మలుపు 2 మీదా 6 మీదా వస్తుంది. ఎడ్డీ టోరెస్ అనే టీచర్ పేరు ఆ పద్ధతితోనే ముడిపడింది. క్యూబన్ సల్సా అయితే గీత మీద కాకుండా ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూ సాగుతుంది. అన్నీ రుచి చూడొచ్చు, కానీ మొదటిసారే ఆన్ టూ ఇంటర్మీడియట్‌లో దూరి తలనొప్పి తెచ్చుకోకు. క్లాసు చివర టీచర్లు మొత్తం ఒకసారి చేసి చూపిస్తారు, వీడియో తీయనిచ్చేది సాధారణంగా అప్పుడే. మధ్యలో ఫోన్ పైకెత్తకు.

మధ్యాహ్నం పడుకో. ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. సాయంత్రం షోలు ఉంటాయి, అవి అయ్యేసరికే ఆలస్యమవుతుంది, అసలు సోషల్ ఊపందుకునేది అర్ధరాత్రి దాటాక. తెల్లవారుజాము దాకా నడుస్తుంది. మూడు రోజులు వరసగా అలా ఉంటే నీ వయసులో కూడా ఒళ్లు మాట వినదు.

ఇప్పుడు బూట్లు. రబ్బరు సోల్ వేసుకుని వెళ్లకు. నేల పట్టేసుకుంటుంది, నువ్వు తిరుగుతావు కానీ పాదం తిరగదు, ఆ భారమంతా మోకాలి మీద పడుతుంది. సూడ్ (నూగు ఉన్న మెత్తటి తోలు) సోల్ ఉన్న డాన్స్ షూస్ కొనుక్కుని, ఫెస్టివల్‌కి ముందే నాలుగైదు క్లాసుల్లో వాడు. కొత్త బూట్లు అక్కడే మొదటిసారి తొడిగితే మొదటి రాత్రికే మడమలు బొబ్బలెక్కుతాయి. వాటితో వీధిలోకి అడుగుపెట్టకు, బాత్రూమ్‌కి కూడా వెళ్లకు. సూడ్ తడిస్తే పాడైపోతుంది.

సంచిలో ఏం పెట్టుకోవాలంటే: రాత్రికి మూడు చొక్కాలు. నవ్వకు, మూడూ తడుస్తాయి. చిన్న తువ్వాలు, డియోడరెంట్, నోటికి మింట్, నీళ్లు, చెవులకి ఇయర్‌ప్లగ్స్. స్పీకర్ల పక్కన మూడు రాత్రులు నిలబడితే చెవులు గుయ్యిమంటాయి. గోళ్లు కత్తిరించుకో. వాచీ, ఉంగరం తీసేయ్. ఒకసారి ఒకాయన వాచీ పిన్ను నా మణికట్టు మీద గీరి ఇంత పొడవు గీత పెట్టింది. టర్న్ మధ్యలో ఉన్నాను, ఆపమనే లోపే అయిపోయింది. ఆయనకి ఇప్పటికీ తెలియదు పాపం.

అడగడం గురించి. నువ్వు లీడర్‌వి, అంటే జోడీని నడిపించేవాడివి కదా అని నువ్వే అడగాలని లేదు, అమ్మాయిలూ అడుగుతారు. కానీ వాళ్ల కోసం చూస్తూ కూర్చుంటే నా నీళ్ల సీసా కథే అవుతుంది. పాట మొదలవగానే అటూ ఇటూ చూస్తూ, కాలితో తాళం వేస్తూ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లు. నవ్వి చెయ్యి చాపు, "డాన్స్ చేద్దామా" అను. అంతే. కావాలంటే "ఇది నా మొదటి ఫెస్టివల్" అని ఒక్కసారి చెప్పు. పాటంతా సారీ సారీ అంటూ ఉండకు, అది అవతలివాళ్లకి విసుగు. ఎవరైనా వద్దంటే సరేనని పక్కకి జరుగు. కాలు నొప్పో, అలసటో, ఆ పాట నచ్చలేదో, నీకెందుకు? కారణం అడగకు. పగలు క్లాసులో జోడీలు మారుతూ ఉంటారు కదా, అక్కడ కలిసినవాళ్లని రాత్రి అడగడం తేలిక. ముఖం తెలిసి ఉంటుంది.

ఇక నేను ఫాలోయర్‌గా, అంటే లీడర్ నడిపించినట్టు చేసేదానిగా, చెప్పే మాట. ఇరవై ఏళ్లలో ఎంతమందితో చేశానో లెక్కలేదు. ఒకాయన గుర్తున్నాడు, ఆయనకి మూడే మూడు మూవ్‌లు వచ్చు. పెదవుల మీద లెక్క వినిపిస్తూనే ఉంది. కానీ ప్రతి అడుగూ తాళంలో పడుతోంది, టర్న్ ఇచ్చేముందు చెయ్యి నిదానంగా పైకెత్తేవాడు, నేను తిరిగి వచ్చేదాకా ఆగి చూసేవాడు. పాట మధ్యలో బ్రేక్ వచ్చి సంగీతం ఒక్కసారి ఆగితే ఏం చేయాలో తెలియక ఇద్దరం నిలబడి నవ్వుకున్నాం. ఆ రాత్రి ఆయనతో ఇంకో రెండు పాటలు చేశాను. అదే రాత్రి ఇంకొకతను ఆ రోజు నేర్చుకున్న ప్యాటర్న్ ఎలాగైనా పూర్తి చేయాలని నా చెయ్యి వెనక్కి మెలితిప్పాడు. భుజం మూడు రోజులు పైకి లేవలేదు. లీడ్ అంటే లాగడం కాదురా. చెయ్యి బిగుసుకుందనిపిస్తే ఆ మూవ్ వదిలేసి బేసిక్‌లోకి వచ్చెయ్. నువ్వు ఏం చేయబోయావో ఎవరికీ తెలియదు.

తెలియనివాళ్లని డిప్ చేయకు, అంటే వెనక్కి వాల్చకు. వాళ్ల నడుము సంగతి నీకు తెలియదు. జనం ఎక్కువగా ఉంటే అడుగులు చిన్నవి చెయ్యి, ఆమెని పంపే వైపు ఖాళీ ఉందో లేదో ముందు చూడు. ఎవరికైనా తగిలితే తప్పెవరిదైనా చేత్తో క్షమించమని సైగ చెయ్యి. డాన్స్ మధ్యలో ఎవరికీ పాఠాలు చెప్పకు. (నీకు ఆ అలవాటు లేదులే, మీ నాన్నకుంది.)

పక్క గదిలో బచాటా ఉంటుంది. డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన డాన్స్ అది, మూడు అడుగులు వేసి నాలుగో దగ్గర చిన్న తట్టు. అరగంటలో బేసిక్ వస్తుంది. సల్సా వేగానికి ఊపిరి ఆడనప్పుడు అక్కడ కాసేపు తిరిగిరా. అయితే అక్కడ దగ్గరగా పట్టుకుని చేసేవాళ్లు ఎక్కువ. నువ్వు మాత్రం దూరంగానే మొదలుపెట్టు, ఎంత దగ్గరన్నది ఆమెకే వదిలేయ్.

ఈ ఉత్తరంతో పాటు నా వైర్ బ్రష్ పంపిస్తున్నాను. సూడ్ సోల్ నల్లగా నున్నగా అయిపోతే జారుతుంది. దీంతో ఒకే వైపుకి నాలుగుసార్లు గీకితే నూగు మళ్లీ లేస్తుంది. సోల్ పొడిగా ఉన్నప్పుడే గీకు. జాగ్రత్తగా తిరిగివ్వు, వచ్చే నెల నాకూ ఒక ఫెస్టివల్ ఉంది.

మీ అత్త