అమ్మగారి డిపాజిట్ అమ్మగారి ఊళ్లోనే ఉండనివ్వండి

మీరు అడిగింది ఇది: నర్సంపేటలో ఒంటరిగా ఉంటున్న మీ అమ్మగారికి భూమి అమ్మగా కొంత డబ్బు వచ్చింది, దానిని హైదరాబాద్‌లో మీ ఇంటి పక్కనే ఉన్న ప్రైవేటు బ్యాంకు శాఖలో ఆమె పేరున డిపాజిట్ చేయవచ్చా, ప్రైవేటు బ్యాంకు భద్రమేనా అని. భద్రత గురించి నేను ఎక్కువ చెప్పను. వాణిజ్య బ్యాంకు ప్రైవేటుదైనా, ప్రభుత్వానిదైనా డిపాజిట్ బీమా, అంటే బ్యాంకు మునిగితే డిపాజిటరుకు డబ్బు అందేలా ఉన్న రక్షణ, ఒకే తీరుగా వర్తిస్తుంది. ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు ఆ రక్షణ ఉంటుంది, 2020 ఫిబ్రవరి 4కు ముందు అది లక్ష రూపాయలే. అంతకు మించిన మొత్తాన్ని రెండు మూడు బ్యాంకులకు పంచుకోవడం మంచిది. 2020 మార్చి 5న యెస్ బ్యాంకు మీద మారటోరియం పెట్టి, ఖాతాదారులకు 50,000 రూపాయలకు మించి ఇవ్వవద్దన్నప్పుడు జనం ఎంత కంగారు పడ్డారో నాకు బాగా గుర్తుంది. మార్చి 18న ఆ ఆంక్షలు తొలగించారు, డిపాజిటర్ల డబ్బు ఎక్కడికీ పోలేదు. అందువల్ల బ్యాంకు మునిగిపోతుందన్న భయం నాకు లేదు. మీ అమ్మగారు ఒక ఊళ్లో, ఆమె డబ్బు మరొక ఊళ్లో ఉండడమే నన్ను భయపెడుతున్నది, ఎందుకంటే మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది.

మా బాపు సింగరేణి కార్మికుడు. గోదావరిఖనిలో మొదలుపెట్టి, భూపాలపల్లి గనిలో ముగించి, 2018లో రిటైరయ్యాడు. గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బుతో చెల్లె పెళ్లి బాకీ తీర్చి, హనుమకొండ వడ్డేపల్లిలో సగంలో ఆగిన ఇల్లు పూర్తి చేయగా 10 లక్షలు మిగిలాయి. ఆయన జీతం ఎప్పటి నుంచో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌లో పడేది, 2017 ఏప్రిల్ 1న అది భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిన తరువాత కూడా అదే ఖాతా నడిచింది. ఆ డబ్బును అక్కడి నుంచి కదిలించింది నేనే. అప్పుడు నేను కూకట్‌పల్లిలో అద్దెకు ఉండేవాణ్ణి. నా జీతం ఖాతా ఉన్న ప్రైవేటు బ్యాంకు శాఖ మా వీధి చివరనే ఉండేది, వడ్డీ కాస్త ఎక్కువ ఇస్తామన్నారు, ఏ పని పడ్డా నేను చూసుకుంటాను కదా అనుకున్నాను.

2018 నవంబరులో ఒక ఉదయం బాపును ఆ శాఖకు తీసుకువెళ్లాను. అక్కడి ఉద్యోగి పాతికేళ్ల కుర్రవాడు, మంచి మాటకారి, ఎదురు వచ్చి కుర్చీ వేశాడు, కాఫీ తెప్పించాడు, బాపును ‘అంకుల్’ అని పిలిచాడు. సంతకం చేయవలసిన చోటల్లా పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన ఇంగ్లీషు ఫారాలు ఒక్కొక్కటిగా ముందుకు జరిపాడు. బాపు తెలుగులో సంతకం చేస్తాడు, ఒక్కో అక్షరం దగ్గర ఆగి చేస్తాడు. కలం పట్టుకున్న చూపుడువేలి కణుపు మీద, ఎప్పుడో గనిలో గాయమైనప్పుడు బొగ్గు లోపలే ఉండిపోగా మిగిలిన నీలి మచ్చ ఉంది. ఆ వేలు పెన్సిలు గుర్తు నుంచి పెన్సిలు గుర్తుకు నెమ్మదిగా కదలడం నేను పక్కన కూర్చుని చూశాను, కానీ కాగితంలో ఏముందో చదవలేదు. “8 లక్షలు ఎఫ్‌డీ చేద్దాం అంకుల్, 2 లక్షలు ఇంకో దాంట్లో వేద్దాం, అది కూడా ఎఫ్‌డీలాంటిదే, కొంచెం ఎక్కువ వస్తుంది” అని ఆ కుర్రవాడు బ్యాంకు పేరు అచ్చు వేసిన చిన్న నోట్‌ప్యాడ్ తీసి, దాని మీద ‘ఎఫ్‌డీ – 8, ఎఫ్‌డీ ప్లస్ – 2, 5 సం.’ అని రాసి చూపించాడు. బాపు ఆ చీటీని అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, పాత పాస్‌బుక్ ప్లాస్టిక్ కవరులో దాచుకున్నాడు.

రెండు రోజుల తరువాత ఒక ఫోన్ వచ్చింది. అది వస్తుందని, అడిగిన ప్రతిదానికీ ‘అవును’ అనాలని ఆ కుర్రవాడు ముందే చెప్పి ఉంచాడు. ఫోన్‌ను స్పీకరులో పెట్టింది నేనే, బాపు ఎదురుగా కూర్చుని నాలుగైదు సార్లు ‘అవును’ అన్నాడు. అది బీమా కంపెనీ వాళ్లు చేసే నిర్ధారణ కాల్ అని, ఆ ‘అవును’లన్నీ రికార్డు అవుతున్నాయని ఆ రోజు మాకు తట్టలేదు. పాలసీ పత్రం కొరియరులో నా చిరునామాకే వచ్చింది, అప్పటికి నేను ఇల్లు మారాను, పాత ఇంటి యజమాని దానిని తీసుకుని అలమారలో పెట్టి, ఫిబ్రవరిలో నా చేతికి ఇచ్చాడు. నచ్చని పాలసీని తిప్పి పంపడానికి అప్పట్లో పత్రం అందిన నాటి నుంచి 15 రోజుల గడువు ఉండేది. ఇప్పుడది 30 రోజులైంది. కొరియరు సంతకం తేదీని బట్టి చూస్తే మా గడువు ఎప్పుడో దాటిపోయింది.

2019 నవంబరులో బాపు ఫోన్‌కు సందేశం వచ్చింది: వార్షిక ప్రీమియం 2,00,000 రూపాయలు చెల్లించవలెను. బాపు దానిని చదివించుకుని, “ఇచ్చినం గద, మళ్ల ఎందుకు అడుగుతున్నరు?” అన్నాడు. అప్పుడు కవరు విప్పి చదివితే అసలు సంగతి తెలిసింది. అది ప్రతి ఏడాదీ రెండు లక్షల చొప్పున ఐదేళ్లు కట్టవలసిన జీవిత బీమా పాలసీ, రెండో ఏడు కట్టకపోతే మొదట కట్టినది దాదాపుగా పోయినట్టే. జీతం ఆగిపోయిన మనిషికి ఏటా రెండు లక్షలు కట్టే పాలసీని ఎవరైనా ఎలా అంటగడతారు? ఇన్నేళ్లయినా ఈ ప్రశ్న దగ్గర నా కోపం తగ్గలేదు.

అప్పటికి ఆర్టీసీ సమ్మె నడుస్తున్నది. అక్టోబరు 5న మొదలై 50 రోజులు దాటిన ఆ సమ్మె రోజుల్లో హనుమకొండ నుంచి ఉప్పల్‌కు పోవడమే గండంగా ఉండేది, అందుకని బాపు కాజీపేటలో పొద్దుటి రైలెక్కాడు. జనరల్ బోగీలో నిలబడి సికింద్రాబాద్ వచ్చి, అక్కడ నన్ను కలుసుకుని, మెట్రోలో అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ మారి, కూకట్‌పల్లి చేరేసరికి పదకొండు దాటింది. చేతిలో బట్టల దుకాణం వాళ్లిచ్చిన సంచి, అందులో కాగితాలన్నీ. శాఖలో ఆ కుర్రవాడు లేడు, మరో బ్యాంకుకు మారిపోయాడట. మేనేజరు కూడా కొత్తవాడే. ఆయన కంప్యూటరులో చూసి, పాలసీ బీమా కంపెనీదని, తాము ఏజెంటు మాత్రమేనని, బీమా కంపెనీ కార్యాలయానికి వెళ్లమని మర్యాదగానే చెప్పాడు. బాపు లేవలేదు. “నా పైసలు ఈ కుర్సీల కూసోని ఇచ్చిన సారూ. ఇంకో ఆఫీసు నాకు ఎర్క లేదు” అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ రోజు మేము మూడు గంటలు కూర్చున్నా ఒక దరఖాస్తు మీద ముద్ర తప్ప మరేమీ దొరకలేదు, ఆ ముద్ర కూడా నేను పట్టుబడితేనే వేశారు.

మమ్మల్ని గట్టెక్కించింది ఆ మడతల చీటీ. బ్యాంకు కాగితం మీద, బ్యాంకు ఉద్యోగి చేతిరాతలో ‘ఎఫ్‌డీ ప్లస్’ అని ఉండడంతో, ఇది బీమా అని మాకు చెప్పనే లేదన్న మా మాటకు సాక్ష్యం దొరికింది. ఫిర్యాదులు చూసే బ్యాంకు నోడల్ అధికారికి రాసి 30 రోజులు చూశాం, జవాబు సరిగా లేకపోవడంతో హైదరాబాద్ రిజర్వు బ్యాంకులో, బ్యాంకుల మీద వచ్చే ఫిర్యాదులను పరిష్కరించే బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టాం. బ్యాంకులు బీమా, మ్యూచువల్ ఫండ్ల వంటివి అమ్మడంలో చేసే లోపాలను 2017 జూలై 1 నుంచి అంబుడ్స్‌మన్ పరిధిలోకి తెచ్చారు కాబట్టే అది చెల్లింది, లేకపోతే మమ్మల్ని బ్యాంకుకూ బీమా కంపెనీకీ మధ్య తిప్పేవారు. 2020 మార్చి మొదటి వారంలో 2 లక్షలు బాపు ఖాతాలో తిరిగి పడ్డాయి. వడ్డీ పైసా రాలేదు. ఆ నాలుగు నెలల్లో బాపు నాలుగు సార్లు హైదరాబాద్ వచ్చాడు, మోకాళ్ల నొప్పితో మెట్రో మెట్లు దిగుతూ ఒక్కసారి కూడా నన్ను ఒక మాట అనలేదు. అది నాకు డబ్బు కంటే ఎక్కువ బాధ.

పెద్ద నగరంలోని ప్రైవేటు శాఖల మీద నాకు కలిగిన అభిప్రాయం ఇది. అక్కడ ఎదురుగా కూర్చునే మనిషికి నెలవారీ టార్గెట్ ఉంటుంది, డిపాజిట్ తెస్తే వచ్చే పేరు కంటే పాలసీ అమ్మితే వచ్చే పేరు ఎక్కువ. రెండేళ్లలో అతడు అక్కడ ఉండడు, అతడు చెప్పిన మాటకు పూచీ పడేవారూ ఉండరు. ఆ కుర్రవాడిని కూడా నేను దొంగ అనను, పైనుంచి వచ్చే ఒత్తిడి ఎలాంటిదో బ్యాంకుల్లో పనిచేసే నా స్నేహితులు చెప్తుంటారు. ఒక శాఖలో పదేళ్లుగా కనబడే ముఖం ఒక్కటైనా లేకపోతే అక్కడ పెద్దవాళ్ల డబ్బు పెట్టకూడదని నా గట్టి నమ్మకం.

మరొక సంగతి కూడా చెప్పాలి. ఖాతా తెరిచే ఫారాలు, పే-ఇన్ స్లిప్పులు, పాస్‌బుక్కులు వంటి వాటిని ఇంగ్లీషు, హిందీ, ప్రాంతీయ భాష మూడింటిలోనూ అచ్చు వేయాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఎప్పుడో చెప్పింది. మేము వెళ్లిన నాడు బాపు ముందు పెట్టిన వాటిలో ఒక్క తెలుగు అక్షరం లేదు. ఆ ఫారం మీద ‘జీవిత బీమా’ అనే రెండు మాటలు తెలుగులో ఉండి ఉంటే బాపు అక్కడే కలం కింద పెట్టేవాడు. పాస్‌బుక్ అడిగితే స్టేట్‌మెంట్ ఈ-మెయిలుకు వస్తుందన్నారు. ఈ-మెయిలు లేని మనిషి తన డబ్బు ఎంత ఉందో ప్రతిసారీ కొడుకును అడిగి తెలుసుకోవాలా?

ప్రభుత్వ బ్యాంకులైతే ఏ ఇబ్బందీ ఉండదని నేను అనడం లేదు. అవీ పాలసీలు అమ్ముతున్నాయి, వాటి బోర్డులూ మారిపోతున్నాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. వరంగల్ కేంద్రంగా నడిచిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. బోర్డు మారినా శాఖ ఊళ్లోనే ఉంటుంది, మనిషి నడిచి వెళ్లి అడగగలుగుతాడు. కూకట్‌పల్లి ఎఫ్‌డీ గడువు తీరాక మేము 8 లక్షలను రెండుగా చేసి, సగం స్టేట్ బ్యాంకులో, సగం హనుమకొండ నక్కలగుట్టలో ఒక ప్రైవేటు బ్యాంకు శాఖలో వేశాం. అవును, మళ్లీ ప్రైవేటు బ్యాంకే. కానీ ఇప్పుడు ఏప్రిల్‌లో, వడ్డీ మీద పన్ను కోయవద్దని ఇచ్చే ఫారం ఇవ్వడానికి బాపు తనే షేర్ ఆటోలో వెళ్తాడు, వడ్డీ పడిందో లేదో కౌంటరులో అడుగుతాడు, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వస్తాడు. వాకిట్లో ఉండే సెక్యూరిటీ ఆయన “మోకాలు ఎట్లుందే కాకా?” అని అడుగుతాడట.

ఆన్‌లైన్‌లో అన్నీ అయిపోతాయని, ఏ శాఖకైనా వెళ్లవచ్చని మీకు చెప్తారు. డబ్బు వేయడానికి, తీయడానికి అది నిజమే. సంతకం కలవలేదన్నప్పుడు, డిపాజిట్ గడువుకు ముందే తీయవలసి వచ్చినప్పుడు, ఒక ఫిర్యాదు మీద ముద్ర కావలసినప్పుడు మాత్రం ‘మీ హోమ్ బ్రాంచికి, అంటే ఖాతా తెరిచిన శాఖకు వెళ్లండి’ అన్న మాటే మాకు ప్రతిచోటా వినబడింది. ఆ హోమ్ బ్రాంచి నర్సంపేటలో ఉంటే మీ అమ్మగారు పది నిమిషాల్లో వెళ్తారు. హైదరాబాద్‌లో ఉంటే మీరు సెలవు పెట్టేదాకా ఆమె ఆగాలి, రేపు మీకు పుణెకో బెంగళూరుకో బదిలీ అయితే ఆ వీధిలో మీరూ ఉండరు.

కాబట్టి ఈసారి ఊరికి వెళ్లినప్పుడు, నర్సంపేటలో ఏ శాఖకు తను ఒక్కతే వెళ్లి రాగలదో మీ అమ్మగారినే అడిగి, అక్కడే డిపాజిట్ చేయండి. నామినీ పేరు ఆ రోజే రాయించండి. 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా రాయించే వీలుంది, మీ అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్ల పేర్లూ చేర్చండి. బీమా మాట ఎత్తితే వద్దని చెప్పండి, వాళ్లు ఏం రాసిచ్చినా ఆ కాగితం పారేయవద్దు. రసీదు చేతికి వచ్చాక దాని మీద ‘ఫిక్స్‌డ్ డిపాజిట్’ అన్న మాట, వడ్డీ శాతం, గడువు తేదీ, ఈ మూడూ మీ అమ్మగారికి చదివి వినిపించి, ఆమె సరే అన్న తరువాతనే అక్కడి నుంచి లేవండి.