పాతపట్నం ఫైలు నిన్నటిదా, మొన్నటిదా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బావగారి హోల్‌సేల్ కిరాణా లెక్కలు నేనే చూస్తాను. సరిహద్దు దాటితే పాతపట్నం, అక్కడ మరిది ఇంకో షాపు నడుపుతున్నాడు. రోజూ రాత్రి తొమ్మిదికి లెక్కలు ముగించి, ఆ ఎక్సెల్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నా విండోస్ కంప్యూటర్‌లో వేస్తాడు. ఒక్కోసారి పాత ఫైలే వచ్చేస్తుంది. అది చూసుకోక సరుకు ఆర్డరు తప్పుతోంది, ఒకటే టెన్షన్. మా అబ్బాయి ప్లస్ టూ చదువుతూ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాడు. ఫైలు ఎప్పటిదో చెప్పే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, వాడు రాయగలడా?
— ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా రాయగలడమ్మా. వాడికి మంచి మొదటి పని ఇది.

ముందు ఒక విషయం. పెన్‌డ్రైవ్ నుంచి మామూలుగా కాపీ చేస్తే విండోస్‌లో ‘డేట్ క్రియేటెడ్’ మారిపోతుంది, కాపీ చేసిన టైమే పడుతుంది. ‘డేట్ మాడిఫైడ్’ మాత్రం పాతపట్నంలో చివరిసారి సేవ్ చేసిన టైమే ఉంటుంది. మీక్కావలసింది అదే. పైథాన్‌లో దాన్ని ఇచ్చే ఆదేశం గెట్‌ఎమ్‌టైమ్. పొరపాటున గెట్‌సీటైమ్ వాడితే విండోస్‌లో కాపీ టైము వస్తుంది, అప్పుడు మొన్నటి ఫైలు కూడా తాజాగానే కనిపిస్తుంది. అబ్బాయికి ఈ ఒక్కటీ గట్టిగా చెప్పండి.

గెట్‌ఎమ్‌టైమ్ ఇచ్చేది తేదీ కాదు, సెకన్ల లెక్క: 1970 జనవరి 1 నుంచి, మన టైము ప్రకారం ఆ రోజు ఉదయం 5:30 నుంచి. ఇప్పటి టైమూ అదే లెక్కలో తీసుకుని, అందులోంచి ఇది తీసేసి 3600తో భాగిస్తే ఫైలు వయసు గంటల్లో వస్తుంది. రాత్రి తొమ్మిదికి సేవ్ చేసిన ఫైలు మీరు ఉదయం పదికి చూస్తే 13 గంటలు. అంతకు ముందు రోజుదైతే 37. కాబట్టి 18 దాటితే ‘ఇది పాతది’ అని మెసేజ్ బాక్స్ రావాలి. స్క్రిప్టు నడిచేటప్పుడు వచ్చే నల్ల విండోలో ప్రింట్ చేస్తే అది మూసుకుపోతుంది, మీరు చూడరు. ఆదివారం సెలవైతే సోమవారానికి మాత్రం హద్దు 42 పెట్టుకోమనండి. ఫైలే రాకపోయినా, వచ్చింది సున్నా సైజులో ఉన్నా అదే బాక్స్ రావాలి.

ఇంకో చిక్కుంది. ఫైలు ఎక్సెల్‌లో తెరిచి ఉంటే పక్కనే టిల్డ్ (~), డాలర్ ($) గుర్తులతో మొదలయ్యే దాపుడు ఫైలు పుడుతుంది. స్క్రిప్టు ఫోల్డర్‌లో అన్నిటికన్నా కొత్తది వెతికితే దాన్నే పట్టుకుంటుంది. ఆ పేర్లను వదిలేయాలి.

అన్నిటికన్నా నాకు భయం మీ చేతి గురించేనమ్మా. ఆ ఫోల్డర్‌లోని ఫైలు తెరిచి మీరే ఏ చిన్న అంకె దిద్ది సేవ్ చేసినా మాడిఫైడ్ టైము ఇప్పటిదైపోతుంది, పాత లెక్క కొత్త వేషం వేసుకుంటుంది. మీ పని వేరే ఫోల్డర్‌లో కాపీ పెట్టుకుని చేసుకోండి.

మరిది పెన్‌డ్రైవ్ మానేసి మెయిల్‌లో పంపడం మొదలుపెడితే ఈ పద్ధతి పనికిరాదు. డౌన్‌లోడ్ చేసిన ఫైలుకు సాధారణంగా మీ దగ్గర దిగిన టైమే పడుతుంది. అప్పుడు ఫైలు పేరులోనే ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు వచ్చేలా రాయమనండి, స్క్రిప్టు ఆ పేరునే చదువుతుంది.

పాతపట్నం కంప్యూటర్ గడియారం కూడా ఒకసారి చూడమనండి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోందంటే మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. చాలా వాటికి సరిపోయేది సీఆర్ 2032. అది మార్చాకే స్క్రిప్టు మొదలుపెట్టండి.